టేపు పాడిన పాట

మొన్న గుంటూరులో మా అమ్మాయి చదివే బడి వార్షికోత్సవంలో ‘జానపద నృత్యం’ చూశాను. అద్దెకు తెచ్చిన జరీ పరికిణీలు, బుట్టల్లో ప్లాస్టిక్ మిరపకాయలు, చెవులు పగిలే రికార్డు పాట, దానికి పెదవులు కదిపే పసిపిల్లలు. పక్కన మా అత్తగారు మురిసిపోతూ చప్పట్లు కొడుతుంటే నేను మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాను.

వినుకొండ వైపున్న మా పల్లెలో, తొంభైల చివర, మిరప కోతలు మొదలైతే బడిలో ఆడపిల్లల వరుస ఖాళీ అయ్యేది. మా బాబాయి కూతురు, నాకు అక్క, నాతోపాటు ఏడో తరగతి. కోతల్లో పాట ఎత్తుకునేది అదే. సాలులో వెనకబడిన మనిషిని పాటలోకి లాగి ఎగతాళి చేయడం మా వైపు ఆచారం. “వెనకబడ్డ వదినమ్మా, మిరప నీకు మేనత్తా?” అని అక్క అందుకుంటే చేనంతా వంత పాడేది, వదిన పరుగెత్తేది. మా తెలుగు టీచరమ్మ ఆ పాటను తరగతిలోకి తెచ్చి, అక్కను ముందు నిలబెట్టి, కోలాటం కర్రలతో ఎక్కాలు చెప్పించింది. “ఏడో ఎక్కం రాని బావా, ఎలుగుబంటా అది నీకు?” అని పాడించుకోవడం ఎవరికి ఇష్టం? పేరు పాటలోకి ఎక్కుతుందన్న భయంతో మొద్దులు సైతం చదివారు.

కోతల కోసం బడి మాన్పిస్తానన్న బాబాయిని టీచరమ్మ బతిమాలింది. “సరేనండీ, మండలం పోటీలో మా పిల్ల పాట వింటాను. దాని గొంతుకు బడిలో విలువుంటే పంపిస్తా” అన్నాడాయన.

పోటీ అనగానే హెడ్మాస్టరు గారు పట్నం నుంచి డాన్సు మాస్టరును దింపారు. ఎగతాళి బడికి తగదట. పాట తీసేసి పరిశుభ్రత మీద మాటలు పేర్చి, పట్నంలో ఎవరితోనో పాడించి క్యాసెట్టు చేయించారు.

“మరి నేనేం పాడాలండీ?” అంది అక్క.

“నోరు కదుపు చాలు. వెనక వరుసలో నుంచో. ఆ చేతులు చూడు, ఎంత మోటుగా ఉన్నాయో!” అన్నాడు డాన్సు మాస్టరు. టీచరమ్మ అడ్డుపడితే, “మీకు తెలియదమ్మా” అని హెడ్మాస్టరు నోరు మూయించారు. ముందు వరుసలో నిలబెట్టిన తెల్లటి పిల్లల బుట్టల్లోకి మిరపకాయలు మాత్రం ఆ మోటు చేతులే కోసి తెచ్చాయి.

బాబాయి పని మానుకుని వచ్చి, ఆసాంతం చూశాడు. మా బడికే మొదటి బహుమతి.

“ఏమ్మే, నోరు తెరిచావుగానీ నీ గొంతు వినపళ్ళేదే?” అన్నాడు.

“టేపు పాడింది నాన్నా.”

“అయితే రేపట్నించి టేపునే బడికి పంపిద్దాంలే.”

మర్నాడు అక్క చేలో ఉంది. పుస్తకాల సంచితో గట్టు మీద వెళుతున్న నన్ను చూసి ఎత్తుకున్న పాట ఆపేసింది. హెడ్మాస్టరు గారి గదిలో షీల్డు మాత్రం ఏళ్ళ తరబడి తళతళలాడింది; దాని కింద కూర్చుని ఆయన మానేసిన పిల్లల తల్లిదండ్రులకు బుద్ధులు చెప్పేవారు. తలుచుకుంటే ఇప్పటికీ అసహ్యమే.

వార్షికోత్సవం నుంచి ఇంటికి వస్తూ మా అమ్మాయి, “అమ్మా, నేను బాగా పాడానా?” అంది. దాని చేతిలోని ప్లాస్టిక్ మిరపకాయల బుట్ట అందుకున్నాను. వెనకబడిన వాళ్ళ పేరు పాటలోకి ఎక్కడం మా ఆచారం. ఇన్నేళ్ళలో ఎవరెవరం ఎంత వెనకబడ్డామో పాడి చెప్పగల గొంతును మాత్రం ఆనాడే వెనక వరుసలో నిలబెట్టేశాము.