మైకులో మా ఆయన పేరు

మా ఒంగోలులో సభ ఏది జరిగినా అతిథులను పరిచయం చేసే పని నాకే వస్తుంది. కాలేజీలో తెలుగు చెబుతాను, గొంతు కాస్త పెద్దది. కవులను, ఆఫీసర్లను, ఒకసారి బండలాగుడు పోటీల్లో గెలిచిన ఎడ్ల జత యజమానిని కూడా పరిచయం చేశాను. ముందుగా ఫోన్ చేసి, బయోడేటాలో లేని ముక్క ఒకటి వాళ్ళ నోటి నుంచి రాబట్టడం నా అలవాటు. ఆ ముక్క వేదిక మీద చెప్పినప్పుడు మనిషి ముఖం మారిపోతుంది. అది చూడటం నాకిష్టం.

ఈమధ్య పర్చూరులో కాలేజీ పిల్లలు కొందరు కలిసి యువ చిత్రోత్సవం పెట్టుకున్నారు. ఒక్క రోజు కార్యక్రమం. వాళ్ళలో పెద్దరికం చేసే అమ్మాయి నాకు ఫోన్ చేసింది.

"మేడం, జ్యూరీ మెంబర్లను మీరే పరిచయం చెయ్యాలండి. ముగ్గురున్నారు. ఎడిటర్ మేడం, కెమెరామన్ గారు, మూడో ఆయన సార్."

"ఏ సారమ్మా?"

"మన సారేనండి. డాక్టరు గారు."

మా ఆయన పశువుల డాక్టరు. అంతకుముందు ఏడాది ఈ పిల్లలే ఆవు ఈనడం చిత్రీకరించాలని ఆయన ఆసుపత్రికి వచ్చారు. సినిమా పూర్తయ్యాక తెచ్చి చూపించారు. చూసినవాళ్ళందరూ బాగుందన్నారు. ఆయన మాత్రం, "దూడ పుట్టేసింది కదా, ఆ తర్వాత ఇంకా ఎందుకు నడిపారు?" అని అడిగాడు. పిల్లలు ముఖాలు ముడుచుకుని వెళ్ళారు. తర్వాత ఆ చివరి భాగం తీసేసి మళ్ళీ వచ్చారు. అప్పటి నుంచి ఏం తీసినా ముందు ఆయనకే చూపిస్తున్నారు.

ఎడిటర్‌గారికి ఫోన్ చేశాను. హైదరాబాదులో ఎన్నో సినిమాలకు పనిచేసిన ఆవిడ. "నా గురించి రెండు వాక్యాలు చాలండి. మూడోది చెబితే నేనే కట్ చేస్తాను" అని నవ్వింది. కెమెరామన్ పర్చూరు పక్క పల్లెలో పుట్టినవాడే. వాళ్ళ నాన్న పొగాకు రైతు. పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ గదిలో ఆకు పసుపు తిరగడం చూసేందుకు గోడకు చిన్న అద్దం ఉండేదని, చిన్నప్పుడు దానికి కన్ను ఆనించి గంటలు గంటలు నిలబడేవాణ్ణని చెప్పాడు. నాకు కావలసిన ముక్క దొరికింది.

ఇక మా ఆయన్ని అన్నం దగ్గర అడిగాను.

"పశువుల డాక్టరని చెప్పు, చాలు" అన్నాడు.

"అది ఊరందరికీ తెలుసు. అసలు ఈ సినిమాల పిచ్చి మీకు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఆయన పప్పన్నం కలుపుతూ చెప్పాడు. "కనిగిరి వైపు మొదటి పోస్టింగులో గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. మాట్లాడే మనిషి లేడు. పగలంతా గొడ్లు, సాయంత్రం సినిమా. గొడ్డు నొప్పెక్కడో చెప్పదు, మనమే చూసి తెలుసుకోవాలి. సినిమా కూడా చూసి తెలుసుకునేదే కదా."

ఇన్నేళ్ళ కాపురంలో నాకు చెప్పని మాట అది. "ఇదే చెబుతాను" అన్నాను సంబరంగా.

"చెప్పావంటే నేను రాను. పిల్లలు నవ్విపోతారు."

ఆ ముక్క అలా పోయింది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఆయన పేరు నేను ఎప్పుడూ పైకి పలకలేదు. మా అమ్మ మా నాన్న పేరు పలకలేదు, నేనూ ఈయన పేరు పలకలేదు. ఇంట్లో 'ఏమండీ', బయట 'మా ఆయన', బ్యాంకులో అడిగితే కాగితం మీద రాసి ఇస్తాను. ఈ మాట ఫోన్‌లో చెబితే మా అమ్మాయి ఊరుకోలేదు.

"స్త్రీవాద సాహిత్యం మీద ఉపన్యాసాలిస్తావు, నాన్న పేరు పలకలేవా అమ్మా?"

"పలకలేక కాదే. 'గారు' పెడితే పరాయి మనిషిని పిలిచినట్టుంటుంది. పెట్టకపోతే ఏదో ఒరేయ్ అన్నట్టుంటుంది."

పండుమిరపకాయ పచ్చడి చేస్తూ, మిక్సీ మోతలో నాలుగైదుసార్లు పలికి చూసుకున్నాను. వంటింట్లో ఎవరూ లేకపోయినా చెవులు వేడెక్కాయి.

ఆ రోజు పొద్దున ఇద్దరం కారులో పర్చూరు వెళ్ళాం. హాలు నిండా పిల్లలు. జ్యూరీ ముగ్గురూ ముందు వరసలో కూర్చున్నారు. పేరు పిలవగానే ఒక్కొక్కరూ వేదిక మీదికి వచ్చి, పూలగుత్తి అందుకుని, మళ్ళీ వెళ్ళి కూర్చోవాలి. ఎడిటర్‌గారి గురించి సరిగ్గా రెండు వాక్యాలు చెప్పాను. ఆవిడ రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి చూపించింది. బ్యారన్ అద్దం సంగతి చెప్పినప్పుడు కెమెరామన్ తల దించుకుని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"మూడో సభ్యులు, డాక్టర్..." అని ఆగాను. మంచినీళ్ళు ఒక గుక్క తాగి, ఇంటిపేరుతో సహా మొత్తం పలికి చివర 'గారు' చేర్చాను.

ఆయన లేవలేదు. ఎవరొస్తున్నారా అని వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఇంకోసారి పలికాను. పక్కనున్న ఎడిటర్‌గారు మోచేత్తో పొడిస్తే అప్పుడు ఉలిక్కిపడి లేచి వేదిక మీదికి వచ్చాడు. నా పక్కన నిలబడి మెల్లగా, "నన్నేనా?" అన్నాడు. ఆ మాట మైకులో పడింది. హాలంతా గొల్లుమంది.

ఆ నవ్వుతో నా బెరుకు పోయింది. రాసుకున్న కాగితం మడిచేశాను. "ఈయన సినిమా చూసేటప్పుడు పక్కన ఎవరు మాట్లాడినా ఊరుకోరు. సినిమా అయిపోయాక మాత్రం మీరు ఎంతసేపు మాట్లాడినా వింటారు. మధ్యలో అడ్డం రారు. అందుకే మీకందరికీ ఈయన నచ్చారనుకుంటాను. నాకూ అందుకే" అన్నాను. ఆఖరి రెండు మాటలు అనాలని అనుకోలేదు, వచ్చేశాయి. చప్పట్లు కొడుతుంటే ఆయన ఎటు చూడాలో తెలియక పూలగుత్తిలోకి చూస్తూ నిలబడ్డాడు.

మధ్యాహ్నం జ్యూరీ చర్చకు నన్నూ ఒక మూల కూర్చోనిచ్చారు. ఇద్దరమ్మాయిలు తీసిన సినిమా ఒకటి వచ్చింది. తల్లీ కూతుళ్ళు చేలో మిరపకాయలు కోస్తుంటారు. మాటలు లేవు. మధ్యమధ్య తుమ్ములు, గాజుల చప్పుడు, అంతే. నత్తనడకగా ఉందని మిగతా ఇద్దరూ పక్కన పెట్టబోయారు.

"ఇంకోసారి చూద్దామండీ" అన్నాడు మా ఆయన. "ఆ తల్లి నడుం పట్టేసిందని కూతురికి ఎప్పుడు తెలిసిందో చూడండి. తను వంగి పని చేస్తూనే, తల్లి వంతు సాలు కూడా తనే కోసుకుంటూ వస్తుంది."

మళ్ళీ చూశారు. కెమెరామన్ ఒప్పుకున్నాడు. ఎడిటర్‌గారు మొదట్లో ఒక నిమిషం ఎక్కువైందని పట్టుబట్టింది, అది నిజమేనని ఈయనా ఒప్పుకున్నాడు. మొదటి బహుమతి వేరే సినిమాకు వెళ్ళింది. ఈ అమ్మాయిలకు జ్యూరీ ప్రత్యేక బహుమతి ఇచ్చారు. వాళ్ళు వేదిక దిగి నేరుగా ఈయన దగ్గరికే వచ్చారు. "ఆ ఒక్క నిమిషం ఎక్కడ తీసెయ్యాలి సార్?" అని అడుగుతుంటే, ముగ్గురూ కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. నేను ఎడిటర్‌గారితో టీ తాగుతూ చూస్తున్నాను. మా ఆయన అంత మాటకారి అని నాకు ఆ రోజు దాకా తెలియదు.

తిరుగు ప్రయాణంలో పొద్దు వాలుతోంది. రోడ్డుకు రెండు వైపులా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. "నేను పేరు పలికితే ఏమనిపించింది మీకు?" అని అడిగాను.

"వేరే డాక్టరెవరో ఉన్నాడనుకున్నా" అన్నాడు. కాస్త దూరం వెళ్ళాక, "బాగానే ఉంది" అని చేర్చాడు.

ఆ తర్వాత ఆ అమ్మాయిల సినిమా గురించి మొదలుపెట్టాడు. ఒంగోలు వచ్చింది, మా వీధి వచ్చింది, ఇంటి ముందు కారు ఆగింది. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. నేను తలుపు తీయకుండా వింటూ కూర్చున్నాను.