సాయంత్రపు పాదం

విజయనగరంలో బట్టలకొట్టు నగరేశ్వరరావు ఏదైనా బోణీవేళే కొంటాడు. తొలి బేరం ఏ కొట్టువాడూ వదులుకోడు, ధర తగ్గించైనా ఇస్తాడు గదా. సరదాకి మొదలెట్టిన గోల్ఫుకి బూట్లూ అలాగే పొద్దున్నే కొన్నాడు. కాశీకి నడిచిన కాళ్లైనా బిగుతు బూటుకి లొంగాల్సిందే. మొన్న ఆదివారం నాలుగో గుంత దగ్గరే మడమలు బొబ్బలెక్కి, జూటుమిల్లు దొరలు నవ్వుతుండగా ఉత్తికాళ్లతో వెనుదిరిగాడు.

“పొద్దుటి పాదం ఏరు, దినమంతా గద్దిమీద కూకుని వాసిన పాదం ఏరు బాబూ,” అన్నాడు బూట్లు కుట్టే పోలయ్య. అందుకే ఈసారి నగరేశ్వరరావు అతని కొట్టుకి దీపాలవేళ వచ్చాడు. వెడల్పు జోడు తొడిగి వీధి చివరిదాకా నడిచాడు, గొంతుక్కూర్చుని లేచాడు, గొడుగుతో బంతిని కొట్టినట్టు ఊగాడు.

“బోణీ ఎప్పుడో అయిపోనాది. దర తగ్గదు బాబూ.”

“తగ్గించమన్నానేటి? ఈ ఆదివారం తొమ్మిది గుంతలూ తిరిగేస్తాను, సూడు.”

అడిగినంతా ఇచ్చి, ఆ బూట్లతోనే బజారులో నడిచాడు. “ఎంతకిచ్చాడేటి?” అని తోటి షావుకార్లు అరుగులమీంచి అడుగుతూనే ఉన్నారు. అతడు ఆగలేదు.