జోడెడమ

కట్టింగ్ మాస్టారు బట్ట మీద సుద్దగీత గీసిన వెంటనే కత్తెర పెట్టరు. ఒకసారి తిరగేసి చూస్తారు, అరచేత్తో నిమురుతారు, మళ్లీ తిరగేస్తారు. అప్పటికిగానీ ఆయన మనసు కుదుటపడదు. పనిలో చేరిన కొత్తలో అలా తిరగెయ్యడం మరిచి, ఓ పెళ్లికొడుకు కోటుకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించారు. ఆ పూట దుకాణంలో ఎవరో నవ్వుతూ అన్న "జోడెడమ" అనే మాట అక్కడితో ఆగలేదు. గుండీ తప్పు కుట్టినవాడూ జోడెడమే, టీ ఒలకబోసినవాడూ జోడెడమే. ఆనాడు నవ్వినవాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మాట ఉండిపోయింది, మాస్టారూ ఉండిపోయారు. ఇప్పుడు వీధిలో పిల్లలు కూడా ఆ మాటతోనే తిట్టుకుంటుంటే ఎవరి నోరని మూయగలరు? తల వంచుకుని నడిచిపోతారు.

ఇవాళ మిషను మీద కొత్తగా కూర్చున్న అమ్మాయి జేబుని తలకిందులుగా కుట్టేసి, "నేనొట్టి జోడెడమని మాస్టారూ," అంటూ తన నెత్తిన తనే మొట్టుకుంది. "ఈ మాట ఎలా పుట్టిందో తెలుసా? వెనకటికి ఇక్కడే ఎవడో దద్దమ్మ కోటుకి రెండూ ఎడమ చేతులే కత్తిరించాడట!" పకపకా నవ్వి, అంతలోనే జాలిపడింది. "పాపం, ఆ సిగ్గుతో అప్పుడే పని మానేసుంటాడు కదండీ?"

మాస్టారు చేతిలోని బట్టని ఇంకోసారి తిరగేశారు.

"మానేసుంటే బాగుండేదమ్మా," అన్నారు.