కాలువ విడిచిన రోజున దీపాలు

ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్‌లో విద్యుత్ పాఠాలు చెప్పి బాన్సువాడలో స్థిరపడిన తరువాత, ఎల్‌ఈడీ దీపాలకు డ్రైవర్లు రూపొందించడం నా నిత్యకృత్యమయింది. లైనులో వచ్చే విద్యుత్తును దీపానికి తగినట్లుగా మార్చి అందించే చిన్న పెట్టెను డ్రైవర్ అంటారు. లోపలికి వెళ్లిన విద్యుత్తులో వేడి రూపంలో వృథా అయ్యేది వీలయినంత తక్కువగా ఉండాలి. నూటికి తొంభై రెండు పాళ్లు దీపానికి చేరేటట్లు చేయడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ అంకెను లేబుళ్ల మీద అచ్చు వేయించి ఇరవై నాలుగు పెట్టెలకు అతికించాను.

వాటిని కోటగిరి దారిలోని ఒక బియ్యం మిల్లులో బిగించాము. యజమాని నా పూర్వ విద్యార్థి. స్త్రీలు కూర్చుని బియ్యంలో రాళ్లు, నల్లగింజలు ఏరే గది అది. ఊక దుమ్ము రాకూడదని కిటికీలన్నీ మూసివేశారు గనుక పట్టపగలు కూడా దీపాలు ఉండవలసిందే. పెట్టెలలోకి సయితం దుమ్ము చొరబడకూడదని లోపల నల్లటి రెసిన్ పోసి గట్టిపరిచాను. ఒకసారి గట్టిపడితే లోపలి భాగాలను చెడగొట్టకుండా దానిని తీయడం అసాధ్యం. అది నాకు గర్వకారణంగా ఉండేది.

నెల తిరగకముందే పెట్టెలు మాడసాగాయి. వైరింగు లోపమన్నాను. మార్పించారు. మళ్లీ మాడాయి. మళ్లీ వైరింగే అన్నాను.

"మీరు చెప్పినట్టే రెండుసార్లు మార్పిచ్చిన సార్," అన్నాడు యజమాని, తల వంచుకుని. "మీరు కోపం జేయొద్దు. ఇంకొక్కసారి పోతే పాత ట్యూబులైట్లే పెట్టిస్త. ఆడోళ్లను ఎన్నిసార్లు ఇండ్లకు తోలాలె?"

ఆ గదిలో ఓడిపోతే నా రెండేళ్ల పని అక్కడితో ముగిసినట్లే. పెట్టె విప్పి చూద్దామంటే విప్పే దారిని నేనే మూసుకున్నాను. కారణం తెలియదని ఒప్పుకుందామంటే రెండుసార్లు తెలుసునని చెప్పి ఉన్నాను. వెలుగు సగమయిన ఆ గదిలో, చేటల చప్పుడు నడుమ, స్టూలు మీద కదలకుండా కూర్చున్నాను.

చేట చెరుగుతున్న ఒక ముసలామె తల ఎత్తకుండానే అన్నది:

"కాల్వ ఇడిసిన దినాలల్లనే పోతున్నయ్ సారూ."

"నీకెట్లా తెలుసు?"

"కాల్వ పారంగనే మేం నాట్లకు పోతం గద. నాటేసి మిల్లుకొస్తె గీడ చీకటి. పోయినసారీ గంతే."

పక్కనున్నామె అందుకున్నది. "సారు కరెంటు బుగ్గలకు నీళ్లంటె భయమేమో అవ్వా."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ ముసలామె చెప్పినది నాకు మొత్తం అర్థమయింది.

కాలువ పారని రోజుల్లో ఈ ఊళ్లన్నిటా బోరు మోటార్లు ఒక్కసారిగా నడుస్తాయి, లైనులో వోల్టేజి పడిపోతుంది. బాన్సువాడలో బతికిన వానికి వోల్టేజి అంటే పడిపోయేదే. తక్కువ వోల్టేజిని తట్టుకోవడానికే నా డిజైన్ అంతా చేశాను. నిజాంసాగర్ నీళ్లు విడిచిన రోజున మోటార్లన్నీ ఆగుతాయని, అప్పుడు వోల్టేజి ఎగబాకుతుందని ఆలోచించనే లేదు. ఎక్కువ వోల్టేజి నుంచి కాపాడే సర్క్యూటు కొంత విద్యుత్తు తింటుందని, నా తొంభై రెండు కోసం దానిని తీసివేశాను.

పొలాల తరువాతి తడికి కాలువ నీళ్లు విడిచిన ఉదయం మీటరు పట్టుకుని అదే గదిలో కూర్చున్నాను. మామూలుగా రెండు వందల ముప్పై వోల్టులు చూపవలసిన అంకె ఎక్కుతూ రెండు వందల ఎనభైకి చేరింది. నా పెట్టెలోని కెపాసిటర్ ఓర్చుకోగల హద్దు అక్కడే. నా కళ్లముందే మరి రెండు దీపాలు ఆరాయి.

ఇంతెందుకు పెరిగిందో కూడా అప్పుడే తట్టింది. వోల్టేజి తక్కువగా ఉన్నదని, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పెంచవలసినదని కరెంటు ఆఫీసుకు ఈ దీపాలు బిగించకముందే అర్జీ రాసినది నేనే. దాని నకలు నా ఫైలులో ఉన్నది. వారు నేను కోరినట్లే చేశారు.

యజమానికి అంతా చెప్పాను. వైరింగు లోపం కాదని కూడా చెప్పాను.

"మరి తగ్గియ్యమని ఇంకో అర్జీ రాయుండ్రి సార్."

"తగ్గిస్తే చివరి ఊళ్లలో మోటార్లు నడుస్తాయా?"

"ఎత్తుకోవు."

"అయితే రాయను. మళ్లీ వచ్చే తడి దాకా గడువు ఇవ్వు."

ఇరవై నాలుగూ కొత్తగా చేశాను. పెద్ద కెపాసిటర్, కాపాడే సర్క్యూటు, రెసిన్‌కు బదులు మరలతో బిగించిన మూత. కొలిస్తే తొంభై వచ్చింది. లేబుళ్లు మాత్రం మునుపు అచ్చు వేయించినవాటిలో మిగిలినవే. ఒక్కొక్క దాని మీద తొంభై రెండును ఎర్ర సిరాతో కొట్టివేసి, పక్కన తొంభై అని రాశాను.

మళ్లీ నీళ్లు విడిచారు. అంకె రెండు వందల ఎనభై దాటింది. దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి.

"ఇగ ఇంటికి పోండ్రి సార్," అన్నాడు యజమాని మధ్యాహ్నానికి.

"మోటార్లు మళ్లీ నడిచి ఈ అంకె దిగేదాకా ఉంటాను."

"అవి నడిచేది వారం తర్వాత సార్."

"తెలుసు," అని మీటరు వైపు తిరిగి కూర్చున్నాను.