ఫ్రేములో మనవరాలు

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు, అందరికీ ఫ్రేముల తాతే. ఫొటోలకు అద్దాలు బిగించడం ఆయన వృత్తి, మనవరాలి ముచ్చట్లు చెప్పడం వ్యసనం. దుకాణానికి ఎవరొచ్చినా పని పక్కన పడేసి ఫోను తీసేవాడు. అది చాలదన్నట్టు పిల్ల తుమ్మినా దగ్గినా ఫొటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టి, కింద నాలుగు ముక్కలు రాసేవాడు. "ఊరందరికీ ఎందుకు నాన్నా?" అని కూతురు మొత్తుకుంటే, "చూసి మురిసిపోనీవే, మనకేం తరుగుతుంది?" అని నవ్వేసేవాడు. తీసేది తానే కనుక ఏ ఫొటోలోనూ తాను లేడు.

ఒక మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. శుభ్రమైన బట్టలు, మెత్తని మాట. సంచీలోంచి పెద్ద ఫొటో తీసి బల్ల మీద జాగ్రత్తగా పరిచింది.

"మా పాపండీ. మంచి ఫ్రేము వేయండి."

బడి గేటు ముందు, పైపన్ను ఊడి నవ్వుతున్న పిల్ల. తాత వంగి దగ్గరగా చూశాడు. అది తాను తీసిన ఫొటోనే.

"మీ పాపా?" అన్నాడు తాత.

"అవునండీ. గుడ్డ చేప పక్కన లేనిదే నిద్రపోదు. ఉరిమితే మంచం కిందికి దూరిపోతుంది."

అవన్నీ ఆయన రాసిన ముక్కలే.

"ఇప్పుడెక్కడుంది?"

"ఇంకా వాళ్ళ దగ్గరే ఉందండీ. నేను గది కూడా సర్దేశాను. గేటు మీద బోర్డు చూసి బడి కనుక్కున్నాను. ఇల్లే తెలియలేదు."

బడి వదిలే వేళయింది. కూతురు పిల్లను తీసుకుని తిన్నగా దుకాణానికే వస్తుంది. రావద్దని చెబుదామంటే తన ఫోను బల్ల మీద ఆవిడ మోచేతి పక్కనే ఉంది, ముట్టుకుంటే తెర మీద పిల్ల నవ్వుతుంది. ఎలాగైనా ఆవిణ్ణి పంపేయాలి. గబగబా చెక్క కోశాడు, మేకులు కొట్టాడు, అద్దం తుడిచాడు. సొంత మనవరాలిని తన చేత్తోనే పరాయి మనిషికి అప్పగిస్తున్నందుకు ఏడుపొచ్చింది.

ఆవిడ ఫ్రేమును గుండెకు హత్తుకుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"మీకు మనవలున్నారాండీ?"

"లేరమ్మా. నాకెవరూ లేరు."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బాధపడకండి. పాపను తెచ్చుకోగానే మీ దగ్గరికి తీసుకొస్తాను. తాతా అని పిలిపిస్తాను."