మనవరాలి సీసా, నా ఉప్పు

ముంబయిలో క్యాన్సరు పరిశోధన ఆగిపోకుండా కాపాడినవాణ్ణి నేను. పిడికెడు ఉప్పుతో కాపాడాను. కామాఠిపురాలో ఎవరినడిగినా చెబుతారు. ఎందుకంటే అందరికీ నేనే చెప్పాను.

సరే, మొత్తం పరిశోధన కాదు, మా మనవరాలి ఒక్క ప్రయోగం. కానీ ఆ రోజు ఆ పిల్ల మొహం చూసి ఉంటే ముంబయి అంతా మునిగిపోతోందనే మీరూ అనుకునేవారు. పొద్దుటి నుంచి ఒకటే వాన. రైళ్లు ఆగిపోయాయి. ల్యాబుకు పోలేక, దారిలో ఉన్న మా చాల్‌కు, అదే మా అద్దెగదుల మేడకు, తడిసి ముద్దయి వచ్చింది. చంకలో థర్మోకోల్ పెట్టె, అందులో కరిగిన ఐసు నీళ్లు, ఆ నీళ్లలో నా చిటికెనవేలంత సీసా.

"తాతా, ఫ్రిజ్ నడుస్తుందా?"

"కరెంటు పొద్దుగాలనే పోయింది బిడ్డా. ఏందది?"

"యాంటీబాడీ. వెచ్చబడితే ఖతం తాతా!"

అదేమిటో తరువాత నాకు అర్థమయ్యేలా చెప్పింది. మా చాల్‌లో మూడో అంతస్తు మనిషి కోసం ఎవరైనా వస్తే కింద పాన్ దుకాణం వాడు కేకేస్తాడు. మొదటి అంతస్తులో బియ్యం ఏరుకునే ఆవిడ ఆ కేక అందుకుని పైకి వేస్తుంది. శరీరంలోని కణంలోనూ కబురు అలాగే పోతుందట, ఒక ప్రోటీను నుంచి ఇంకోదానికి. మధ్యలో కేక అందించే ఒక ప్రోటీను మీద మా పిల్ల పని. క్యాన్సరు కణాల్లో అది కింద ఎవరూ పిలవకపోయినా అరుస్తూనే ఉంటుందట. ఆ సీసాలోని సరుకు అంత గుంపులోనూ దాన్నొక్కదాన్నే, అదీ అరుస్తున్నప్పుడే, పోయి పట్టుకుంటుంది. ప్రయోగం చివర ఫోటో తీస్తే, పట్టుకున్న చోట నల్లటి గీత పడుతుంది.

తన ల్యాబుకు రావలసిన సీసా రాలేదు. నెలల తరబడి సిద్ధం చేసుకున్న నమూనాలు ఎదురుచూస్తున్నాయి. వర్లిలో స్నేహితురాలి దగ్గర మిగిలిన కాస్త బతిమాలి తెచ్చుకుంటోంది. అది పాడైతే ఆ నమూనాలూ పాడే.

ఈలోగా వరండా నిండా జనం. మందు వచ్చిందని ఎవరు చెప్పారో! పక్కింటావిడ చీర కాస్త పైకెత్తి మోకాలు చూపించింది.

"బిడ్డా, గండ్లకెల్లి ఒక్క బొట్టు గీడ రాయరాదా?"

"మందు కాదు అమ్మమ్మా, నొప్పికి పనిచెయ్యదు!"

"పనిచెయ్యకుంటే గంత బద్రంగ ఎందుకు పట్టుకొస్తివి?"

ఐసు కోసం నేను నడుంలోతు నీళ్లలో ఈదుకుంటూ ఫాక్‌లాండ్ రోడ్డు దాకా పోయాను. సరే, మోకాళ్లలోతు. నడిచాను. షర్బత్ దుకాణం వాడు గోనెపట్టాలో ఐసుగడ్డ చుట్టి ఇచ్చాడు.

"పెట్టెలో ఐసు వెయ్యి తాతా, అంతే. నేను ట్యాక్సీ చూసొస్తా" అని పిల్ల కిందికి దిగింది.

అంతే అంటే నాకు చేతులు ఊరుకుంటాయా? ఒకప్పుడు ముంబయి నగరానికంతా, అంటే మా గల్లీ మలుపు వరకు, కుల్ఫీ తినిపించిన చేతులు. ఐసులో ఉప్పు పడితేనే చలి పెరిగి కుల్ఫీ గడ్డకట్టేది. అటక మీది పాత కుల్ఫీ కుండ దించాను. ఐసు కొట్టి పోసి, మధ్యలో సీసా నిలబెట్టాను. దొడ్డుప్పు కోసం చీకటి వంటింట్లో తడిమితే సన్నదే దొరికింది. డబ్బా వంచేశాను.

ట్యాక్సీ దొరక్క తిరిగొచ్చిన పిల్ల కుండలో తెల్లటి పొడి చూసింది.

"ఏం పోసినవ్ తాతా?"

"ఉప్పు."

"అరే దేవా! గడ్డకడితే?"

సీసా తీసి వంచింది. లోపల బొట్టు మెల్లగా జారింది. స్నేహితురాలికి ఫోను చేస్తే గ్లిసరిన్ కలిపే ఇచ్చానని, అంత తేలిగ్గా గడ్డకట్టదని చెప్పిందట. కాని దారిలో వెచ్చబడి పోయిందో, బతికిందో ప్రయోగం చేస్తేనే తెలుస్తుంది. సాయంత్రం రైళ్లు కదిలాక కొత్త ఐసుతో పెట్టె పట్టుకుని పోయింది. నేను దేవుడి దగ్గర దీపం పెట్టాను. నిజంగానే పెట్టాను, ఇందులో కలిపింది ఏమీ లేదు.

మర్నాడు ఫోనుకు ఫోటో వచ్చింది. బూడిదరంగు మీద కాటుకతో గీసినట్టు నల్లటి గీత. వెంటనే పిల్ల గొంతు: "వచ్చింది తాతా, వచ్చింది! నీ ఐసు కాపాడింది!"

ఫోను పట్టుకుని వరండా అంతా తిరిగాను. "ఐసు ఎవడైనా వేస్తాడు. ఉప్పు పాళ్లు తెలియాలి. సీసా చల్లబడాలి, గడ్డకట్టకూడదు. చేతినేర్పు అది!" అన్నాను. మోకాలావిడ కూడా తల ఊపింది.

మా ఆవిడ నల్లా దగ్గర కుల్ఫీ కుండ గీకుతోంది. తల ఎత్తకుండానే అంది:

"ఏం ఉప్పయ్యా? ఉప్పు నా డబ్బల ఎట్లున్నది అట్లనే ఉన్నది. నువ్వు పోసింది ముగ్గుపిండి. రేపు శుక్రారం, గడప ముందల ఏం ఎయ్యాలె? పోయి తే, పో."