తాత రాతపుస్తకం, గలీమా కాపలా

పార్ల్ ఊళ్ళో నదికి తూర్పునున్న పేటలో గలీమా సాలీ అంటే రగ్బీ జెర్సీలు కుట్టే ఆవిడ అని అందరికీ తెలుసు. పేట జట్టు మైదానంలో చించుకొచ్చిన చొక్కాలన్నీ ముప్పై ఏళ్ళుగా ఆమె మిషను మీదికే వచ్చేవి. భర్త ఆర్మీన్ ఆ జట్టులో పదో నంబరు ఆటగాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది.

తెల్లవాడెవడైనా తలుపు కొడితే గలీమాకు పడమటి ఒడ్డున ఉండే పాత ఇల్లే గుర్తొచ్చేది. ఆ ఒడ్డు ఇక తెల్లవాళ్ళకేనంటూ, ఖాళీ చెయ్యమని కాగితం తెచ్చినవాడు కూడా నవ్వుతూనే మాట్లాడాడు. అందుకే, తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన రెండో ఏట ఎవర్ట్ లూబ్సర్ అనే రిటైరైన పంతులు టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడితే, ఆమె గొలుసు తియ్యకుండానే మాట్లాడింది.

"మీ ఆయన ఆటంటే నాకు ప్రాణం, మిసెస్ సాలీ. ఫొటోలేమైనా ఉంటే చూసిపోదామని వచ్చాను."

"మీరెక్కడ చూశారు సార్? మా మైదానానికి మీవాళ్ళెవరూ రాలేదే."

"కంచె అవతల, నీలగిరి చెట్ల కింద నిలబడి చూసేవాణ్ణి."

"మేం మీ తెల్లవాళ్ళ దేశ జట్టుకు ఏనాడూ చప్పట్లు కొట్టలేదు. విదేశీ జట్టు వస్తే వాళ్ళకే కొట్టాం. అది తెలుసా?"

"తెలుసు. బాగా వినిపించేది."

గలీమాకు నవ్వొచ్చింది కాని ఆపుకుంది. "అయితే చెప్పండి, మా ఆయన ఏ కాలితో తన్నేవాడు?"

"కుడి కాలు. ఒక్క ఫైనల్లో మాత్రం ఎడమ కాలితో డ్రాప్ కిక్ కొట్టాడు. ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు."

ఆ రోజు ఆర్మీన్ కుడికాలి బొటనవేలు విరిగింది. ఆ సంగతి ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. గలీమా గొలుసు తీసింది. కొబ్బరి అద్దిన కూసిస్టర్లనే తీపి వడలు పెట్టి టీ ఇచ్చింది. అయినా అతను వెళ్ళాక కూతురు రుగాయాతో అంది: "ఫొటో చేతిలో పెట్టుకుని బీరువా పైకెందుకే చూస్తాడు?"

"టీ తాగడానికి తల ఎత్తి ఉంటాడమ్మా. నీకన్నీ అనుమానాలే."

బీరువా మీద ఆకుపచ్చ గుడ్డలో చుట్టి గలీమా తాత మదరసాలో చదివినప్పటి రాతపుస్తకం ఉంది. రెండోసారి వచ్చినప్పుడూ అతని చూపు అక్కడికే పోయింది. మూడోసారి గలీమా టీ పెట్టలేదు.

"రగ్బీ చాలు. అసలు పనేమిటి?"

ఎవర్ట్ ముఖం ఎర్రబడింది. "ఆ పుస్తకం సంగతి మీ ఇమాం గారు చెప్పారు. అక్షరాలు అరబ్బీవట, మాటలు మాత్రం మన ఆఫ్రికాన్స్ భాషవట. ముందే పుస్తకం అడిగితే తలుపు తీసేవారు కారు."

"తీసేదాన్ని కాను."

"ఆటమీద ఇష్టం అబద్ధం కాదు, మిసెస్ సాలీ."

ఆమె పుస్తకం దించి, తన ఒళ్ళోనే పెట్టుకుని, వేలు కుడి నుంచి ఎడమకు జరుపుతూ చదివింది. దేవుడు ఒక్కడేనని, అబద్ధమాడితే నాలుక బరువెక్కుతుందని పిల్లలకు చెప్పే పాఠం అది. 'నువ్వు' అన్న మాట వచ్చినప్పుడల్లా బడిలో నేర్పే 'యెయ్' అని కాక, పేటలో అందరూ పలికినట్టు 'జెయ్' అని చదివింది.

"అలాగే రాశారా?" ఎవర్ట్ పుస్తకం మీదికి వంగాడు.

"'జ' పలికే జీమ్ అక్షరం ఇదిగో. కనబడటం లేదూ?"

"ముప్పయ్యేళ్ళు ఆఫ్రికాన్స్ చెప్పాను. ఈ భాష మా తెల్ల రైతులదే అన్నాను. వంటగదుల్లో పనివాళ్ళలా 'జెయ్' అనకండని పిల్లల్ని తిట్టాను."

"వంటగదుల్లో మా తాతముత్తాతలే ఉండేవాళ్ళు. బానిసలుగా తెచ్చారు కదా. ఊరి కొండమీద మీవాళ్ళు ఈ భాషకు స్మారక స్తంభం కట్టినప్పుడు మమ్మల్నెవరు అడిగారు?"

ఎవరూ అడగలేదని అతను ఒప్పుకున్నాడు. నకలు రాసుకోవడానికి పుస్తకం వారం రోజులు ఇవ్వమన్నాడు. గలీమా పకపకా నవ్వింది. "వారం కాదు, గంట కూడా ఇవ్వను. నేను చదువుతాను, మీరిక్కడే కూర్చుని రాసుకోండి."

నాలుగు నెలలు, ప్రతి బుధవారం, జెర్సీల కుప్ప పక్కన అలాగే సాగింది. అతను రాసుకున్నది మళ్ళీ చదివించుకుని, తప్పు పలికితే దిద్దేది. అతను లేచి వెళ్ళగానే పుస్తకంలో పేజీలు లెక్కపెట్టేది. ఒక్కసారీ తగ్గలేదు. అయినా లెక్క మానలేదు.

ఊరి గ్రంథాలయంలో ఒక్క రోజు ప్రదర్శన పెట్టినప్పుడు పుస్తకాన్ని సంచీలో తానే తీసుకెళ్ళింది. గాజుపెట్టెలో తానే తెరిచిపెట్టి, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని, పక్కనే కుర్చీ వేసుకుని సాయంత్రందాకా కూర్చుంది. బడిపిల్లలు అడిగితే చదివి వినిపించింది. తెల్లపిల్ల ఒకతె "జెయ్" అని పలికి చూసి సిగ్గుపడితే, "ఇంకోసారి అను" అంది.

పెట్టె మూసే వేళకు ఎవర్ట్ దగ్గరికొచ్చాడు. "మీ తర్వాత ఇది ఎవరికి, మిసెస్ సాలీ?"

"ఎందుకడుగుతున్నారు?" అంటూ గలీమా పుస్తకాన్ని గుడ్డలో చుట్టి, సంచీ చంకలో బిగించుకుంది.